చిన్న విమానం ఇంజిన్ గాల్లో ఆగితే: గోదావరి డెల్టా వాళ్లు తరచుగా అడిగే ప్రశ్నలు

మాది కోనసీమలో ఓ లంక ఊరు. నాన్న రైతు. నేను వేరే రాష్ట్రంలో చిన్న విమానాల మీద ఫ్లయింగ్ నేర్పుతాను. ఊరొచ్చినప్పుడల్లా, పంటు కోసం రేవులో నిలబడ్డా, పెళ్లి భోజనాల్లో కూర్చున్నా ఎవరో ఒకరు అడుగుతూనే ఉంటారు: "ఒరేయ్ అబ్బాయ్, పైన ఉండగా ఇంజిన్ ఆగిపోతే ఏం చేస్తావురా?" మా మావయ్యలు, బడిపిల్లలు, పైలట్ కోర్సులో చేరాలనుకునే కుర్రాళ్లు, వాళ్ల అమ్మానాన్నలు అడిగినవన్నీ ఇక్కడ చేర్చాను. చెప్పేదంతా సెస్నా 172 లాంటి, ఒకటే ఇంజిన్ ఉండి నలుగురు పట్టే విమానాల గురించి. శిక్షణలో ఉన్నవాళ్లు మాత్రం తమ విమానం హ్యాండ్‌బుక్‌లో ఉన్న అంకెలే పాటించాలి. అవి ఒక్కో మోడల్‌కి ఒక్కోలా ఉంటాయి.

ఇంజిన్ ఆగితే విమానం రాయిలా పడిపోతుందా?

పడదండీ. విమానాన్ని గాల్లో నిలబెట్టేవి రెక్కలు. ఇంజిన్ దాన్ని ముందుకు లాగుతుంది, అంతే. ఇంజిన్ ఆగితే ముక్కు కాస్త దించుకుని, ఉన్న ఎత్తును ఖర్చుపెట్టుకుంటూ ముందుకు జారుతుంది. ఏటిగట్టు మీంచి కిందికి దిగేటప్పుడు తొక్కకపోయినా సైకిలు వెళ్తుంది కదా, అలాగన్నమాట.

సెస్నా 172 దాదాపు 65 నాట్స్ వేగంతో, అంటే గంటకు 120 కిలోమీటర్లతో జారితే, అడుగు కిందికి దిగేలోపు సుమారు 9 అడుగులు ముందుకు వెళ్తుంది. 3,000 అడుగుల ఎత్తులో ఆగిందనుకుంటే, గాలి లేని రోజున 8 కిలోమీటర్ల దూరం, 4 నిమిషాల సమయం చేతిలో ఉంటాయి. అమలాపురం మీద ఆగితే రావులపాలెం దాకా కూడా రాలేం. కానీ చుట్టూ 8 కిలోమీటర్ల లోపు ఉన్న చేలల్లో ఒకటి ఎంచుకోవడానికి ఆ సమయం చాలు. ఎదురుగాలి ఉంటే ఆ దూరం తగ్గుతుంది.

ఆ 4 నిమిషాల్లో పైలట్ ఏం చేస్తాడు?

మొదట వేగం. అన్నిటికంటే ముందు, చేతులు వణుకుతున్నా సరే, ముక్కు దించి జారే వేగం పట్టుకోవాలి. ఇంజిన్ ఆగినప్పుడు కొత్తవాళ్ల చెయ్యి దానంతటదే స్టీరింగ్‌ని వెనక్కి లాగుతుంది, నేల దగ్గర పడుతోందన్న భయంతో. అలా లాగితే వేగం పడిపోయి రెక్కల పట్టు పోతుంది. దాన్నే స్టాల్ అంటాం. ఇంజిన్ ఆగినందుకు చనిపోయేవాళ్ల కంటే, ఆగాక వేగం పోగొట్టుకుని చనిపోయేవాళ్ల గురించే నాకు దిగులు. నేర్పేటప్పుడు ఈ ఒక్కదాని మీదే ఎక్కువ గంటలు పెడతాను.

రెండోది చోటు. ఎక్కడ దిగాలో ఎంచుకుని, దాని వైపు తిరగాలి. ఒకసారి ఎంచుకున్నాక, మరీ తప్పని కారణం ఉంటే తప్ప మార్చకూడదు. 500 అడుగుల ఎత్తులో మనసు మార్చుకుంటే రెండు చేలకీ చెందకుండా మధ్యలో ఉన్న తాటిచెట్ల మీద పడతాం.

మూడోది, సమయం మిగిలితే, ఇంజిన్‌ని మళ్లీ రగిలించే ప్రయత్నం. పెట్రోలు ఏ ట్యాంకు నుంచి వస్తోందో చూడాలి, మిక్శ్చర్ (గాలిలో పెట్రోలు పాలు మార్చే మీట) పూర్తిగా ముందుకు తొయ్యాలి, కార్బ్యురేటర్ హీట్ (గాలీ పెట్రోలూ కలిసే కార్బ్యురేటర్‌లోకి వేడిగాలి పంపే మీట) లాగాలి, మాగ్నెటో (ఇంజిన్‌లో నిప్పురవ్వ పుట్టించేది) స్విచ్ చూడాలి. చాలాసార్లు కారణం ఇక్కడే దొరుకుతుంది.

నాలుగోది రేడియో. అప్పటికే ఎవరితోనైనా మాట్లాడుతుంటే ఆ ఫ్రీక్వెన్సీలోనే, లేకపోతే 121.5 మెగాహెర్ట్జ్‌లో "మేడే" అని మూడుసార్లు అని, విమానం పేరు, ఎక్కడున్నాం, ఏమైంది, ఎక్కడ దిగబోతున్నాం, ఎంతమంది ఉన్నాం చెప్పాలి. ట్రాన్స్‌పాండర్‌లో 7700 పెట్టాలి, రాడార్ మీద మనం ఆపదలో ఉన్నామని చూపే కోడ్ అది. రేడియో మాట కిందికి దిగేకొద్దీ దూరం వెళ్లదు కాబట్టి ఎత్తులో ఉండగానే చెప్పెయ్యాలి. పైన వెళ్తున్న పెద్ద విమానాల పైలట్లు కూడా 121.5 వింటుంటారు. వాళ్లు విని కిందికి అందించినా చాలు.

దిగడం ఖాయమని తేలాక పెట్రోలు కట్టెయ్యాలి, మాగ్నెటో ఆపాలి, ఫ్లాప్స్ (రెక్కల వెనక అంచున కిందికి దించే పలకలు) దించడం అయ్యాక మాస్టర్ స్విచ్ ఆపాలి, బెల్టులు బిగించాలి, తలుపులు కొంచెం తెరిచి ఉంచాలి. తలుపు ఎందుకంటే, దెబ్బకి ఫ్రేము వంగితే తర్వాత తెరుచుకోదు.

అసలు ఇంజిన్ ఎందుకు ఆగుతుంది?

ఇంజిన్ విరిగిపోయి ఆగడం కంటే పెట్రోలు అందక ఆగడమే తరచుగా చూస్తాం. అయిపోవడం ఒక రకం. ట్యాంకులో ఉన్నా సెలెక్టర్ తప్పు ట్యాంకు మీద ఉండటం ఇంకో రకం. పైపర్ లాంటి విమానాల్లో ఎడమ, కుడి ట్యాంకులు చేత్తో మార్చుకుంటూ ఉండాలి.

మన డెల్టాలో పట్టించుకోవాల్సింది నీళ్లు. ఇక్కడి గాలిలో తడి ఎక్కువ. సగం ఖాళీగా ఉన్న ట్యాంకులో రాత్రి చల్లబడినప్పుడు లోపలి గాలిలోని తేమ నీటిబొట్లుగా మారుతుంది. వానకి మూత రబ్బరు పాడైతే అక్కణ్నుంచీ దిగుతుంది. నీళ్లు పెట్రోలు కంటే బరువు కాబట్టి అడుగున చేరతాయి. అందుకే రోజూ మొదటి ఫ్లయింగ్‌కి ముందు, పెట్రోలు పోయించిన ప్రతిసారీ, ట్యాంకుల అడుగు నుంచి కొంచెం గాజు గొట్టంలోకి తీసి చూస్తాం. 100 ఎల్ఎల్ అనే విమాన పెట్రోలు లేత నీలంగా ఉంటుంది. అడుగున రంగులేని బుడగ కనిపిస్తే అది నీరే. ఆ గొట్టం చూడకుండా బయల్దేరే పైలట్ పక్కన మాత్రం కూర్చోకండి.

రెండోది కార్బ్యురేటర్‌లో మంచు. "మన ఎండలకి మంచేంటండీ?" అంటారు. కార్బ్యురేటర్ సన్నని గొంతులోంచి గాలి దూసుకెళ్తూ, పెట్రోలు ఆవిరౌతూ ఉంటే అక్కడ వేడి 20 డిగ్రీలకు పైగా పడిపోవచ్చు. బయట 25 డిగ్రీలుండి గాలి తడిగా ఉంటే లోపల మంచు కట్టడానికి ఏ అడ్డూ లేదు. పవర్ తగ్గించి దిగేటప్పుడు ఇంకా తొందరగా కడుతుంది.

నాకు ఇది జరిగింది. ఒక జనవరి ఉదయం విజయవాడ వైపు నుంచి రాజమండ్రి వస్తున్నాం, పక్కన విద్యార్థి. తాడేపల్లిగూడెం దాటుతుండగా ఇంజిన్ తిరుగుళ్లు మెల్లగా తగ్గడం మొదలైంది. చేలల్లో పొగమంచు ఇంకా విడిపోలేదు. ఆ అబ్బాయి థ్రాటిల్ (ఇంజిన్ పవర్ పెంచే మీట) ముందుకు తోస్తున్నాడు. సరైపోయిందనుకుంటాడు, మళ్లీ తగ్గుతుంది, మళ్లీ తోస్తాడు. నేను కార్బ్యురేటర్ హీట్ పూర్తిగా లాగాను. లాగగానే ఇంజిన్ ఇంకా ఘోరంగా దగ్గింది. కరిగిన మంచునీళ్లు లోపలికి పోతుంటే అలాగే ఉంటుంది. భయపడి హీట్ మూసేస్తే అంతే సంగతులు. అలాగే లాగి ఉంచాం. నిమిషం లోపే తేరుకుంది. ఆ నిమిషంలో నేను కిందికి చూసి ఒక చేను ఎంచుకుని పెట్టుకున్నాను. అది జనవరి కాబట్టి ఆ చేలో ఏముందో నాకు తెలుసు: దాళ్వా (రెండో పంట వరి) నాట్లు. ఆ సంగతి కింద చెప్తాను.

పెట్రోలు నేరుగా సిలిండర్లలోకి చిమ్మే కొత్త ఇంజిన్లలో కార్బ్యురేటర్ ఉండదు కనక ఈ బెడద ఉండదు.

మూడోది పక్షులు తగలడం. కొల్లేరు చుట్టుపక్కల చలికాలంలో గూడబాతులూ కొంగలూ గుంపులుగా వేడిగాలి పట్టుకుని చాలా ఎత్తుకి లేస్తాయి. అటు వెళ్లేటప్పుడు ఎత్తు ఎక్కువ ఉంచుకోవడం, చెరువుల మీద తక్కువ ఎత్తులో తిరగకపోవడం మంచిది.

డెల్టా అంతా బల్లపరుపు, పచ్చటి చేలు. ఎక్కడైనా దిగొచ్చు కదా?

ఈ ప్రశ్నే నన్ను ఇదంతా రాయించింది. బయటి నుంచి వచ్చిన పైలట్లు కూడా ఇదే అంటారు. పైనుంచి చూస్తే కోనసీమ, భీమవరం, తణుకు వైపులు పచ్చటి తివాచీలా ఉంటాయి. ఆ పచ్చదనం కింద ఏముందో రైతుకి తెలుసు, పైలట్‌కి తెలియదు. డెల్టా మీద ఎగరాలంటే మ్యాపుతో పాటు పంటల క్యాలెండర్ కూడా తెలియాలి.

జూన్‌లో కాలువలకి నీళ్లొదులుతారు. జూన్ చివర నుంచి జూలై, ఆగస్టు దాకా దమ్ములు, నాట్లు. దమ్ము చేసిన మడి పైనుంచి మెత్తని నున్నని నేలలా ఉంటుంది. దాంట్లో మోకాలి లోతు బురద. సెస్నాకి ముందు చక్రం చిన్నది. అది బురదలో దిగబడగానే విమానం ముక్కు మీద లేచి తలకిందులౌతుంది. దమ్ములో దిగక తప్పకపోతే ఫ్లాప్స్ పూర్తిగా దించి, ముక్కు వీలైనంత ఎత్తిపట్టి, అతి తక్కువ వేగంతో వెనక చక్రాల మీద కూర్చోవాలి. తలకిందులైనా మనుషులు బతుకుతారు. బెల్టు బిగుతుగా ఉంటే చాలాసార్లు గాయాల్లేకుండానే బయటికొస్తారు.

సెప్టెంబరు, అక్టోబరుల్లో సార్వా (వానాకాలం వరి) చేను నిండా పచ్చగా ఉంటుంది. అడుగున నీళ్లుంటాయి. పంట ఎత్తు గట్లని కప్పేస్తుంది. పైనుంచి ఒకటే పచ్చటి మైదానం, కింద ఎకరానికో గట్టు. ఇక్కడ కొత్తవాళ్లు చేసే పొరపాటు ఇంకొకటుంది. దిగేటప్పుడు నేల ఎత్తు చూసి ముక్కు ఎత్తుతారు. పంట ఉన్న చేలో వెన్నుల కొసలనే నేల అనుకోవాలి. లేకపోతే ఆఖరి రెండుమూడడుగులు అంచనా తప్పుతుంది.

నవంబరు, డిసెంబరుల్లో మాసూళ్లకి, అంటే కోతలకి, ముందు నీళ్లు తీసేస్తారు. చేను పసుపుపచ్చగా ఉంటే నేల గట్టిపడుతోందని గుర్తు. కోసిన చేను ఇంకా నయం. కానీ నేల తడిగా ఉండగా కోతమిషను తిరిగితే దాని బెల్టు గాడులు అడుగు లోతున పడి ఎండిపోతాయి. పైనుంచి సమాంతరంగా గీతల్లా కనిపిస్తాయి. వాటిని అడ్డంగా దాటకుండా గీతల వెంబడే దిగాలి. తుపాను వానొస్తే ఈ లెక్కలన్నీ మారిపోతాయి.

జనవరి, ఫిబ్రవరిల్లో దాళ్వా నాట్లు. మళ్లీ నీళ్లే. నేను తాడేపల్లిగూడెం దగ్గర ఎంచుకున్న చేను అద్దంలా మెరుస్తోంది, అంటే నాటి వారం పది రోజులు కూడా కాలేదు. అందుకే ఆ మెరిసే చేను వదిలి, పక్కన ఊరి దగ్గర మినుము వేసిన మెట్ట చెక్కకి మార్చుకున్నాను. మినుము, పెసర వేసిన నేలలో నీళ్లు నిలవనివ్వరు. మొక్క మోకాలెత్తు కూడా ఉండదు.

ఏప్రిల్ రెండో సగం నుంచి జూన్ మొదటివారం దాకా డెల్టా అంత మంచి అత్యవసర రన్‌వే ఇంకెక్కడా ఉండదు. దాళ్వా మాసూళ్లు అయిపోతాయి, కాలువలు కట్టేస్తారు, ఎండకి నల్లరేగడి నెర్రెలిచ్చి రాయిలా గట్టిపడుతుంది. కొయ్యకాళ్లు తప్ప ఏమీ ఉండవు. గట్లు ఒకటే ఆటంకం. ఎకరం మడి చదరంగా ఉంటే ఒక్కో పక్క 64 మీటర్లుంటుంది. సెస్నా 172 నేల తాకాక ఆగడానికి గట్టి రన్‌వే మీద 160 నుంచి 180 మీటర్లు కావాలి. అంటే రెండుమూడు గట్లు దాటక తప్పదు. కమతం పొడుగు ఎటుందో చూసి ఆ దిక్కునే దిగాలి. దాటక తప్పని గట్టుని వేగం తగ్గాక దాటాలి. నిప్పంటించిన కొయ్యకాళ్ల మీదికి మాత్రం వెళ్లకండి. ఆ పొగ గాలి దిక్కు చూసుకోవడానికి పనికొస్తుంది.

నాన్న ఫోన్ చేసినప్పుడు వరి ధర, వాన గురించి మాట్లాడుకుంటాం. అవే నాకు పనికొస్తాయి. ఏ మండలంలో మాసూళ్లు అయ్యాయి, ఎక్కడ ఇంకా నీళ్లున్నాయి అన్నది ఆయన చెప్తే మ్యాపు మీద పెన్సిల్‌తో రాసుకుంటాను.

చేపల చెరువులు, రొయ్యల చెరువుల మీద ఆగితే?

డెల్టాలో నాకు అన్నిటికంటే ఇబ్బందిగా అనిపించేది ఇదే. భీమవరం, ఆకివీడు, కైకలూరు వైపు కొన్నిచోట్ల మైళ్ల తరబడి చెరువులే. ఒకటి మంచిది, ఒకటి చెడ్డది అని ఎంచడానికి లేదు. చెరువు గట్టు మీద కారు నడిచే బాట ఉన్నా, పక్కనే కరెంటు స్తంభాలు, ఏరేటర్లకి (నీళ్లలో గాలి కలిపే యంత్రాలకి) తీగలు, పక్షులు రాకుండా కట్టిన దారాలు, కొబ్బరి మొక్కలు. గట్టు మీద దిగుదామని ప్రయత్నించి రెక్క స్తంభానికి తగిలితే విమానం గిర్రున తిరిగి నీళ్లలో పడుతుంది. అంతకంటే గట్టుకి సమాంతరంగా, చెరువు పొడుగు వెంబడి, నెమ్మదిగా నీళ్లలో దిగడం నయం. చెరువు లోతు ఎక్కువ ఉండదు. మునిగిపోవడం కంటే తలకిందులై లోపల ఇరుక్కోవడమే ప్రమాదం. ఏరేటర్లు వరసగా ఉన్న రొయ్యల చెరువు కంటే చేపల చెరువు మెరుగు.

2002 మార్చి 3న అప్పటి లోక్‌సభ స్పీకర్, మన కోనసీమ బిడ్డ జి.ఎం.సి. బాలయోగి గారు ప్రయాణిస్తున్న హెలికాప్టర్ కూలింది కైకలూరు దగ్గర చేపల చెరువులోనే. భీమవరం నుంచి హైదరాబాద్ బయల్దేరారు. నేను అప్పటికి బడిపిల్లాణ్ని. ఊళ్లో ఆ రోజు ఎవరింట్లోనూ పొయ్యి వెలగలేదు. ఆ చెరువుల మీంచి వెళ్లే ప్రతిసారీ ఆయన గుర్తొస్తారు. ఆ దారిని తప్పించుకునే వీలుంటే తప్పించుకుంటాను. వీల్లేకపోతే ఎత్తు పెంచుకుంటాను. రెండు వేల అడుగులు అదనంగా ఉంటే ఐదు కిలోమీటర్లు ఎక్కువ జారొచ్చు, గట్టి నేల అందొచ్చు.

గోదావరిలో దిగడం మంచిదా, ఇసుక మేట మీదా?

2009లో న్యూయార్క్‌లో హడ్సన్ నది మీద దిగిన పెద్ద విమానం సంగతి అందరికీ తెలుసు, 155 మందీ బతికారు. ఆ విమానం చక్రాలు లోపలికి ముడుచుకుని, పొట్ట మీద జారింది. మా చిన్న విమానాల చక్రాలు ముడవవు. నీళ్లు తగలగానే అవి పట్టేసుకుంటాయి, ముక్కు మునుగుతుంది, చాలాసార్లు బోల్తా పడుతుంది.

అయినా కొన్నిసార్లు నీళ్లే దిక్కు. అప్పుడు ఒడ్డుకి దగ్గరగా, పడవలు కనిపించే చోట, కానీ పడవల మీదికి కాకుండా దిగాలి. తలుపులు ముందే తెరవాలి. లైఫ్ జాకెట్ వేసుకుని ఉండాలి కానీ బయటికొచ్చాకే గాలి నింపాలి. లోపలే నింపితే అది పైకప్పుకి నొక్కిపట్టేస్తుంది, తలుపులోంచి కిందికి దూరి రాలేరు. నరసాపురం నుంచి అంతర్వేది దాకా, యానాం దిగువన పాయల మీద వలలు, వాటికి పాతిన కర్రలు ఉంటాయి. వరద రోజుల్లో ఎర్రనీటి మీద చెట్లు కొట్టుకొస్తాయి. రాజమండ్రి, ధవళేశ్వరం మధ్య నది సముద్రంలా ఉన్నా అక్కడ వంతెనలు, బ్యారేజీ, నది దాటే హైటెన్షన్ తీగలు ఉన్నాయి.

వేసవిలో ధవళేశ్వరం బ్యారేజీ దిగువన గౌతమి, వసిష్ఠల్లో ఇసుక మేటలు కిలోమీటర్ల పొడుగున బయటపడతాయి. పొడి ఇసుక మెత్తన, ముందు చక్రాన్ని పట్టుకుంటుంది. నీటి అంచుకి కొంచెం ఎగువన, తడి ఆరీ ఆరని ఇసుక గట్టిగా ఉంటుంది. మరీ అంచున ఊబి. ఇసుక తవ్విన గోతులు, లారీల బాటలు ఎక్కడున్నాయో పైనుంచే చూసుకోవాలి. ఎంచుకోమంటే నేను నీళ్ల కంటే ఇసుకనే ఎంచుకుంటాను. లంకల్లో కూరగాయలు వేసిన నేల, పందిళ్లు లేకపోతే, ఈ రెండిటికంటే నయం.

నేషనల్ హైవే మీద దిగకూడదా?

అద్దంకి ప్రాంతంలో కొరిశపాడు దగ్గర 16వ నంబరు జాతీయ రహదారి మీద వాయుసేన విమానాలు దిగడానికి 4 కిలోమీటర్ల రోడ్డు ప్రత్యేకంగా కట్టారు. అక్కడ మధ్యలో డివైడర్ తీసేసే ఏర్పాటు, రెండు వైపులా కంచె, దిగే ముందు రోడ్డంతా ఖాళీ చేయించడం ఉంటాయి. మామూలు హైవే అలా కాదు. 216వ నంబరు రహదారి మీద అమలాపురం, రాజోలు దగ్గర ఏ సమయంలో చూసినా ఆటోలు, మోటార్ సైకిళ్లు, కొబ్బరి లారీలు. తీగలు పక్కనే వెళ్తాయి, కొన్నిచోట్ల అడ్డంగా దాటతాయి. పైనుంచి స్తంభాలు కనిపిస్తాయి కానీ తీగలు కనిపించవు.

ఇంకో మాట. విమానం ఎక్కడం నా ఇష్టం, నా ప్రమాదం. స్కూటర్ మీద పిల్లల్ని బడికి తీసుకెళ్తున్న ఆవిడకి ఆ ప్రమాదంతో పనిలేదు. పక్కన చేను ఉండగా రోడ్డు ఎంచుకోవద్దనే నా విద్యార్థులకి చెప్తాను.

సముద్రపు ఒడ్డున?

పోటు దిగాక తడి ఇసుక గట్టిగా ఉంటుంది, ఓడలరేవు వైపు పొడుగ్గా దొరుకుతుంది. ఒడ్డుకి లోపల సరుగుడు తోటలు, ఒడ్డున పడవలు, జనం. కోరింగ మడ అడవుల మీద మాత్రం తక్కువ ఎత్తులో తిరగొద్దు. అక్కడ దిగడానికి చోటు లేదు, మనల్ని వెతకడానికి వచ్చేవాళ్లకి దారీ లేదు.

చుట్టూ కొబ్బరితోటలే ఉంటే?

కొబ్బరి చెట్టు మాను దెబ్బని మెత్తగా తీసుకోదు. అడవి చెట్ల గుబురు కొంత మెత్తగా పట్టుకుంటుంది గానీ కొబ్బరితోటలో కొమ్మలే ఉండవు. వరసల మధ్య ఖాళీ వెంబడి వెళ్తే రెక్కలు విరిగి శక్తి పోతుంది, క్యాబిన్ మిగులుతుంది. రెక్కల్నీ తోకనీ విమానం అనుకోకండి, అవి దెబ్బని తినడానికి ఉన్న వస్తువులనుకోండి.

ఇక్కడ వేగం లెక్క ఒకటి చూడండి. గంటకు 80 కిలోమీటర్ల వేగంతో వచ్చి 3 మీటర్ల దూరంలో ఆగితే శరీరం మీద పడేది సుమారు 8 రెట్ల బరువు. బెల్టు, భుజం పట్టీ ఉంటే మనిషి తట్టుకోగలడు. గంటకు 160తో వచ్చి అంతే దెబ్బతో ఆగాలంటే 12 మీటర్లు కావాలి. వేగం రెట్టింపైతే దూరం నాలుగింతలు. ఎదురుగాలి ఎంత ఉంటే నేల మీద మన వేగం అంత తగ్గుతుంది కాబట్టి ఎదురుగాలిలోకి దిగమని చెప్పేది ఇందుకే.

గాలి ఎటు వీస్తోందో పైనుంచి ఎలా తెలుస్తుంది?

ఇటుక బట్టీల పొగ, చెరువు మీద అలలు, కొబ్బరి మట్టలు ఒరిగే దిక్కు. చెరువులో గాలి వచ్చే పక్క గట్టు దగ్గర నీళ్లు నున్నగా ఉంటాయి. వేసవి మధ్యాహ్నాల్లో సముద్రం మీంచి లోపలికి వీస్తుంది. వానాకాలంలో పడమటి గాలి.

టేకాఫ్ అయిన వెంటనే ఆగితే వెనక్కి తిరిగి రన్‌వే మీదే దిగొచ్చు కదా?

వద్దు. ముక్కు దించి, ఎదురుగా, అటూఇటూ 30 డిగ్రీల లోపు ఏది దొరికితే అందులో దిగాలి. వెనక్కి తిరగాలంటే ఒక పక్కకి బాగా వంగి తిరగాలి. 45 డిగ్రీలు వంగితే స్టాల్ వేగం దాదాపు ఐదో వంతు పెరుగుతుంది, ఎత్తు గబగబా కరిగిపోతుంది. 300 అడుగుల్లో ఆ బేరం కుదరదు. బయల్దేరే ముందే పక్కనున్న వాళ్లకి వినిపించేలా "ఇంత ఎత్తు లోపు ఆగితే ఎదురుగానే దిగుతున్నాం" అని చెప్పుకుంటే, ఆగినప్పుడు ఆలోచించే పని ఉండదు.

రాజమండ్రి ఎయిర్‌పోర్టు ఉంది కదా? తాడేపల్లిగూడెంలో పాత రన్‌వే కూడా ఉందంటారు?

మధురపూడి రన్‌వే మంచిదే, కానీ అది ఊరికి ఉత్తరాన, డెల్టా మొదలయ్యే చోటుకి ఎగువన ఉంది. రాజోలు మీద ఇంజిన్ ఆగినవాడికి అది అందదు. తాడేపల్లిగూడెం రన్‌వే రెండో ప్రపంచ యుద్ధం నాటిది. ఆ స్థలంలో ఇప్పుడు కట్టడాలు, రోడ్లు ఉన్నాయి. పాత మ్యాపులో గీత కనిపించిందని నమ్ముకోకండి.

విమానానికి పారాచూట్ ఉండదా?

సిర్రస్ లాంటి కొన్నిటికి విమానం మొత్తానికీ పారాచూట్ ఉంటుంది, చిన్న రాకెట్ దాన్ని బయటికి లాగుతుంది. సెస్నాలకి మామూలుగా ఉండదు. కింద ఉన్నవాళ్లు తెలుసుకోవాల్సింది: అలాంటి విమానం కూలినప్పుడు పారాచూట్ తెరుచుకోకపోతే ఆ రాకెట్ ఇంకా పేలకుండా లోపలే ఉంటుంది. హెచ్చరిక బొమ్మ ఉన్న చోటు దగ్గర నిలబడకండి, అక్కడ రేకు కొయ్యకండి.

మా చేలో విమానం దిగితే మేం ఏం చెయ్యాలి?

ముందు మీరే చేరుకుంటారు. అంబులెన్సు, ఫైరింజను లంక దాటి, పంట బోదె దాటి రావడానికి సమయం పడుతుంది. అందుకే ఇది జాగ్రత్తగా చదవమని ఊళ్లో కుర్రాళ్లందరికీ చెప్పండి.

మొదట 112కి ఫోన్ చేసి ఊరు, మండలం, దగ్గర్లో గుర్తు చెప్పండి. తీగలు తెగి కిందపడితే విమానం దగ్గరికి వెళ్లకండి, 1912కి చెప్పి కరెంటు ఆపించండి. తడి చేలో తెగిన తీగ ఎంత దూరం పట్టుకుంటుందో మీకు చెప్పక్కర్లేదు.

బీడీ, సిగరెట్, అగ్గిపుల్ల దగ్గరికి రానివ్వకండి. రెక్కల్లో 150 నుంచి 200 లీటర్ల పెట్రోలు ఉండొచ్చు. ముందున్న ప్రొపెల్లర్‌ని చేత్తో తాకకండి, తిప్పకండి. ఆగి ఉన్నట్టే కనిపిస్తుంది గానీ మాగ్నెటోకి బ్యాటరీ అక్కర్లేదు, కొంచెం తిప్పినా ఇంజిన్ ఒక్కసారి కొట్టి చెయ్యి తీసేస్తుంది. వెనక వైపు నుంచి తలుపు దగ్గరికి వెళ్లండి.

విమానం తలకిందులై, మనుషులు బెల్టులకి వేలాడుతుంటే, తొందరపడి బెల్టు ఊడదీయకండి. ఊడగానే తల మీద పడి మెడ విరుగుతుంది. ఇద్దరు కింద భుజాలూ నడుమూ మోస్తూ పట్టుకోవాలి, మూడోవాళ్లు బెల్టు తియ్యాలి. తల నీళ్లలో, బురదలో మునిగి ఉంటే మాత్రం ముందు తల పైకెత్తి ఊపిరి ఆడేలా చూడండి, మిగతావన్నీ తర్వాత. మంటలు లేకపోతే, ఊపిరి తీసుకుంటూ ఉంటే, వెన్నెముక దెబ్బ ఉండొచ్చనుకుని 108 వచ్చేదాకా కదల్చకండి. మాట్లాడుతూ ఉండండి. మంట కనిపిస్తే ఎలాగైనా లాగెయ్యండి.

మనుషులు బయటపడ్డాక విమానాన్ని ముట్టుకోకండి, గుర్తుగా ముక్క కూడా తీసుకెళ్లకండి. ప్రమాదాల మీద దర్యాప్తు చేసేది కేంద్ర ప్రభుత్వంలోని ఏఏఐబీ. ఏ స్విచ్ ఎక్కడుంది, పెట్రోలు సెలెక్టర్ ఏ వైపు ఉంది అన్నవే కారణం చెప్తాయి. గాయపడినవాళ్లని కాపాడటానికి కదిపితే తప్పు కాదు, ఏది కదిపారో పోలీసులకి చెప్పండి. గాయపడ్డవాళ్ల ఫొటోలు తీసి పంపించుకోకండి. ఆ ఫొటో వాళ్ల ఇంటికి అంబులెన్సు కంటే ముందు చేరుతుంది.

పంట పాడైతే నష్టం ఎవరిస్తారు?

విమాన యజమాని, ఆయన తీసుకున్న థర్డ్ పార్టీ బీమా కంపెనీ. విమానం తీసుకెళ్లే లారీ, క్రేను చేసే నష్టం కూడా లెక్కలోకి రావాలి. తొలిరోజే గట్లు, పంట ఫొటోలు తీసుకుని, వీఆర్వో చేత పంచనామా రాయించుకోండి. కౌలుకి చేస్తున్నవాళ్లు తమ పేరు అందులో ఉండేలా చూసుకోండి, పంట వాళ్లది.

మా అమ్మాయిని పైలట్ కోర్సులో చేర్పిద్దామనుకుంటున్నాం. ఇవన్నీ చదివితే భయమేస్తోంది.

అమ్మాయికి ఇవి నేర్పిస్తారండీ. సోలోకి (ఒంటరిగా ఎగరడానికి) పంపే ముందే ఇంజిన్ ఆగినట్టు థ్రాటిల్ మూసి, చేను ఎంచుకోవడం, దాని మీదికి సరిగ్గా తీసుకురావడం, 500 అడుగుల దగ్గర మళ్లీ పవర్ పెట్టి పైకి లేవడం, ఇది పదేపదే చేయిస్తాం. నేనైతే చెప్పకుండా మూసేస్తాను, మాట్లాడుతుండగా.

చేర్చే ముందు స్కూలుకి వెళ్లి రెండు గంటలు రన్‌వే పక్కన నిలబడండి. పొద్దున మొదటి విమానం దగ్గర ట్యాంకు అడుగు నుంచి పెట్రోలు తీసి చూస్తున్నారా, తీసింది వెలుతురుకి ఎత్తి నిజంగా చూస్తున్నారా, లేక నేల మీద పారబోస్తున్నారా? విమానంలో ఏదో తేడాగా ఉందని విద్యార్థి చెప్తే ఆ విమానం పక్కన పెడుతున్నారా, వెళ్లిపోమంటున్నారా? బలవంతపు ల్యాండింగ్ చివరిసారి ఎప్పుడు సాధన చేశావని అక్కడున్న విద్యార్థినే అడగండి. గత వారం అని చెప్తే చేర్పించండి. గుర్తు తెచ్చుకోవడానికి ఆలోచించాల్సి వస్తే ఇంకో స్కూలు చూడండి.